నల్ల బూడిద, ఎర్ర ఇల్లు

(హైదరాబాద్ చిక్కడపల్లిలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముసురు పట్టి ఉన్నా ఇంతమంది వచ్చారు, సంతోషం. వెనక కుర్చీల్లో ఉన్నవాళ్ళకి వినిపిస్తోంది కదా? సరే.

బేగంపేట పక్కన పాటిగడ్డ ఉంది. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు మా ఊరు గుర్తొస్తుంది. మాది జహీరాబాద్ దగ్గర ఒక పల్లె. మా వైపు పాటి అంటే ఒకప్పుడు ఊరు ఉండి, ఇప్పుడు లేని చోటు. చుట్టూ ఉన్న చేల కన్నా కాస్త ఎత్తుగా, దిబ్బలా ఉంటుంది. తవ్వితే బూడిద కలిసిన మెత్తటి మన్ను వస్తుంది. ఎండాకాలంలో ఆ పాటిమన్ను బండ్లకెత్తి చేలకు తోలేవాళ్ళు. తరాల తరబడి మనుషులూ పశువులూ ఉన్న చోటు కాబట్టి పొయ్యి బూడిద, పేడ, ఎముకలు అన్నీ అందులో మాగిపోయి ఉంటాయి. పంటకు మంచి బలం. మన్నుతో పాటు కుండ పెంకులు వచ్చేవి, అప్పుడప్పుడు పూసలు కూడా. పెంకుల్ని గట్టు మీదికి విసిరేసేవాళ్ళం. నాకు పదేళ్ళప్పుడు, మధ్యలో పల్లంగా అరిగిపోయిన పెద్ద నున్నటి రాయి ఒకటి బయటపడింది. మా నాన్న, చిన్నాన్న కలిసి దాన్ని బండిలో వేసుకొచ్చి బావి దగ్గర పరిచారు. యాభై ఏళ్ళు దాని మీద నిలబడి కాళ్ళు కడుక్కున్నాం.

నేను ఈ రోజు చెప్పబోయేది అమెరికాలో, ఆరిజోనా రాష్ట్రంలో, ఒక అగ్నిపర్వతానికి దగ్గర్లో చూసిన పాత రాతి ఇంటి గురించి. దాని పేరు వుపాట్కి. ఆ ఇంటి ముందు నిలబడేదాకా, మా పాటి ఎవరిదో నేను ఒక్కసారి కూడా అడగలేదు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పాను. అయినా అడగలేదు.

మా అమ్మాయి ఫీనిక్స్‌లో ఉంటుంది. ఫీనిక్స్ అంటే ఎడారి, మన రామగుండం ఎండలు చల్లన అనిపిస్తాయి. అక్కడి నుంచి ఉత్తరంగా కారులో రెండు గంటలకు పైగా వెళ్తే ఫ్లాగ్‌స్టాఫ్ అనే ఊరు వస్తుంది. సముద్రమట్టానికి 2100 మీటర్ల ఎత్తు. దారి పొడవునా నేల ఎక్కుతూనే ఉంటుంది. మొదట మనిషికి రెండు మూడు రెట్లున్న నాగజెముడు లాంటి చెట్లు, తర్వాత గడ్డి, ఆ తర్వాత ఒక్కసారిగా దేవదారు అడవి. చాలామంది ఆ దారిన గ్రాండ్ కాన్యన్‌కు పోతారు. మా అల్లుడు కూడా అక్కడికే తీసుకెళ్తానన్నాడు. నేనే, దారిలో ఆగి అగ్నిపర్వతం చూద్దాం బాబూ అన్నాను.

అగ్నిపర్వతం అనగానే మనం పరాయి సంగతి అనుకుంటాం. కానీ మనకు అది ఎంత దగ్గరో ఒక్కమాట చెప్తాను. హైదరాబాద్ కూర్చున్నది గ్రానైట్ మీద. గోల్కొండ, మౌలాలి గుట్ట, జూబ్లీహిల్స్‌లో మిగిలిన బండలు, అన్నీ దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి రాయి. కానీ పడమరగా వికారాబాద్ వైపు వెళ్ళండి, రాయి మారిపోతుంది. అక్కడి నుంచి మహారాష్ట్రలో చాలాభాగం దాకా పరుచుకున్నది లావా. 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట నేల పగుళ్ళలోంచి పొరలు పొరలుగా పొంగి గడ్డకట్టింది. ఇప్పుడు మిగిలిందే సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లు ఉంది. మన మూసీ పుట్టే అనంతగిరి గుట్టలు ఆ లావా అంచున ఉన్నవే. మూసీ లావా మీద పుట్టి, గ్రానైట్ మీదికి ప్రవహించి, మన ఊళ్ళోకి వస్తుంది. మా జహీరాబాద్ చేలల్లోని నల్లరేగడి ఆ నల్లరాయి చితికి, చివికి అయిన మట్టే. అటు రాజమండ్రి దగ్గర పంగిడి, కాటేరుల్లో కూడా అదే నల్లరాయి ఉంది. పడమటి నుంచి పాత నదీ లోయల వెంట వెయ్యి కిలోమీటర్లకు పైగా పారి వచ్చిన లావా అది అని చాలామంది భూగర్భ శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు. కాబట్టి మనం కూడా లావా మీద జొన్నలు పండించుకుని తిన్నవాళ్ళమే. ఈ సంగతి మనసులో పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఫ్లాగ్‌స్టాఫ్ చుట్టూ 600 దాకా అగ్నిపర్వతాలు ఉన్నాయి. అన్నీ మన బడి పుస్తకాల్లో బొమ్మ వేసినట్టు పెద్దవి కావు. చాలావరకు చిన్న గుట్టలు. వాటిల్లో అన్నిటికన్నా చిన్న వయసుది సన్‌సెట్ క్రేటర్. ఎత్తు సుమారు 300 మీటర్లు. ఒళ్ళంతా నలుపు, నెత్తి మీద మాత్రం ఎరుపు, పసుపు. పైన రాళ్ళలోని ఇనుము వేడి ఆవిరికి తుప్పు పట్టడం, గంధకం పేరుకోవడం వల్ల ఆ రంగులు. ఎప్పుడు చూసినా పొద్దు గుంకుతున్నట్టే ఉంటుంది, అందుకే ఆ పేరు.

ఇలాంటి గుట్ట ఎంత త్వరగా లేస్తుందో మనం ఊహించలేం. 1943 ఫిబ్రవరి 20న మెక్సికోలో డియోనీసియో పులీడో అనే రైతు చేలో పని చేసుకుంటుంటే నేల పగిలి పొగ వచ్చింది. మర్నాటికి అక్కడ గుట్ట లేచింది. ఏడాది తిరిగేసరికి 300 మీటర్లు దాటింది. పారికుటిన్ అంటారు దాన్ని. తొమ్మిదేళ్ళు కక్కి 1952లో ఆగింది. సన్‌సెట్ క్రేటర్ కూడా ఆ జాతిదే. ఎగజిమ్మిన లావా గాలిలోనే గడ్డకట్టి, బుడగలు బుడగలుగా ఉన్న నల్ల పలుకుల్లా రాలి, కుప్ప పడుతుంది. చేత్తో పట్టుకుంటే కొలిమి దగ్గర పారబోసిన చిట్టెం గుర్తొస్తుంది. తేలిగ్గా, గరుకుగా ఉంటుంది. నడిస్తే కాలు కూరుకుపోతుంది, కరకరమని చప్పుడు. 2022లో ఆ చుట్టుపక్కల పెద్ద కార్చిచ్చు వచ్చింది. నల్ల నేల మీద నల్లగా కాలిన మానులు ఇంకా నిలబడి ఉన్నాయి. మా ఆవిడ కారు దిగి, ఒక్క పిట్ట అరుపు కూడా లేదేమండీ అంది. నిజంగానే లేదు.

ఆ గుట్ట ఎక్కనివ్వరు. 1973 నుంచి మూసేశారు, జనం నడిచి నడిచి పక్కలు చాళ్ళు పడిపోతున్నాయని. అసలు ఆ గుట్ట మనదాకా మిగలడమే గొప్ప. 1928లో ఒక సినిమావాళ్ళు కొండచరియ విరిగిపడే సీను కోసం దాని పక్కను డైనమైట్ పెట్టి పేల్చాలనుకున్నారు. ఊరివాళ్ళు అడ్డం పడ్డారు. ఆ గొడవ ఫలితంగానే 1930లో అధ్యక్షుడు హూవర్ దాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించాడు. అక్కడి నల్లపలుకుల నేల చంద్రుడిలా ఉంటుందని 1960ల్లో అపోలో వ్యోమగాములకు ఆ దగ్గర్లోనే శిక్షణ ఇచ్చారు. నేలలో మందుపాతర్లు పేల్చి, చంద్రుడి మీద ఉన్నట్టే గుంటలు చేశారు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ గుట్ట పేలినప్పుడు అక్కడ మనుషులున్నారు. గుంటలు తవ్వుకుని, కర్రలతో, మట్టితో పైకప్పు వేసుకుని, మక్కజొన్న పండించుకుంటూ బతికేవాళ్ళు. వాళ్ళ కళ్ళ ముందే నేల చీలింది. 2000 చదరపు కిలోమీటర్లకు పైగా బూడిద, నల్లపలుకులు రాలాయి. మన పాత గ్రేటర్ హైదరాబాద్ 650 చదరపు కిలోమీటర్లు కదా, అలాంటివి మూడు కప్పేయొచ్చు.

అది ఎప్పుడు జరిగిందో ఎలా తెలిసిందన్నది నాకు చాలా నచ్చిన కథ. కొంచెం ఎక్కువసేపు చెప్తాను. ఆరిజోనాలో ఎ. ఇ. డగ్లస్ అని ఒక ఖగోళ శాస్త్రవేత్త ఉండేవాడు. సూర్యుడి మచ్చలకీ వానలకీ సంబంధం ఉందేమో చూద్దామని చెట్ల మొదళ్ళలోని వలయాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. వాన బాగా పడిన ఏడు వలయం వెడల్పు, కరువొస్తే సన్నం. ఈ వెడల్పు సన్నాల వరస ఒక ప్రాంతంలోని చెట్లన్నిటిలో ఒకేలా ఉంటుంది. బతికున్న చెట్టు వరసను పాత చెట్టు వరసకు, దాన్ని ఇంకా పాత ఇంటి దూలం వరసకు జత చేసుకుంటూ వెనక్కి వెళ్ళాడు. ఒక చోట తెగింది. ఇటు మన కాలం నుంచి వచ్చే గొలుసు, అటు పాత ఇళ్ళ దూలాల గొలుసు, రెంటికీ మధ్య ఎంత ఖాళీ ఉందో తెలియదు. 1929లో షోలో అనే ఊళ్ళో పాత ఇంటి శిథిలంలో కాలిన దుంగ ఒకటి దొరికింది. అది రెండు గొలుసుల్నీ కలిపింది. ఒక బొగ్గుముక్క దొరికిన రాత్రి, ఆ ప్రాంతంలోని పాత ఇళ్ళెన్నిటికో ఒకేసారి సంవత్సరాలు వచ్చేశాయి. నాకైతే మన శాసనాలు చదివినవాళ్ళ పని ఎంత గొప్పదో ఇదీ అంతే.

వుపాట్కి ఇంటి దూలాల్లో కొన్నిటికి 1065 నుంచి వలయాలు ఉన్నట్టుండి సన్నబడి ఉన్నాయి. బూడిద పడి చెట్టు గిడసబారిందన్నమాట అనుకుని, పేలుడు 1064లో జరిగిందని చాలాకాలం రాశారు. తర్వాత వలయాల్లోని రసాయనాలు పరీక్షించారు, లావాలో అయస్కాంత దిశ చూశారు. ఇప్పుడు 1085 ప్రాంతం అంటున్నారు. ఆ సమయానికి మన దగ్గర కళ్యాణి చాళుక్యుల రాజ్యం, ఆరో విక్రమాదిత్యుడు ఏలుతున్నాడు. మా జహీరాబాద్‌కు కళ్యాణి ఎంతో దూరం లేదు.

పేలాక ఏమైంది? గుట్టకు దగ్గరగా ఉన్న చేలు లోతుగా పూడిపోయాయి. అక్కడ ఇక పంట లేదు. కానీ ఈశాన్యంగా, పల్లపు ఎడారి వైపు, బూడిద పలచగా, కొన్ని అంగుళాల మందం పడింది. ఆ నేలకు ఏడాదికి పడే వాన సుమారు 200 మిల్లీమీటర్లు. హైదరాబాద్‌కు 800 దాకా పడుతుంది, అయినా మనం నీళ్ళ ట్యాంకర్ కోసం ఫోన్లు చేస్తుంటాం. అంత ఎండు నేలలో, పేలుడు తర్వాత వందేళ్ళలో, ఊళ్ళ మీద ఊళ్ళు వెలిశాయి.

ఎందుకని? ఇక్కడ మా నాన్న గుంటక గుర్తొచ్చింది నాకు. నల్లరేగడిలో యాసంగి జొన్న వేసేవాళ్ళకు తెలుసు. వానలు పోయాక నేల పైన పెచ్చు కడుతుంది, నెర్రెలు విచ్చుతాయి, తడి ఆరిపోతుంది. అందుకని సాళ్ళ మధ్య గుంటక తోలి పైమట్టిని పొడిపొడిగా చేస్తారు. ఆ పొడి మట్టి కింద తడిని దుప్పటిలా కాపాడుతుంది. నీటి చుక్క లేకుండా మంచు తేమకే జొన్న పండుతుందని మా నాన్న అనేవాడు. మంచుతో పాటు గుంటక కూడా ఉంది అందులో. నల్లపలుకుల పొర చేసేది కూడా ఇదే పని. వాన పడితే సందుల్లోంచి కిందికి దిగిపోతుంది, ఎండకు తిరిగి పైకి రాదు. నలుపు కాబట్టి చలిలో నేలను కాస్త వెచ్చగా ఉంచుతుంది. హెరాల్డ్ కోల్టన్ అనే ఆయన, ఫ్లాగ్‌స్టాఫ్‌లో మ్యూజియం స్థాపించినవాడు, 1930ల్లోనే ఈ మాట చెప్పాడు. తర్వాత కొందరు మక్కజొన్న నాటి చూశారు. పలచటి పొర ఉంటే మేలు, మందం ఎక్కువైతే మొక్క లేవదు. ఆ కాలంలో వానలు కూడా కాస్త బాగా పడ్డాయని, జనం రావడానికి బూడిద ఒక్కటే కారణం కాదని ఇంకొందరు అంటారు. అదీ నిజమే అయ్యుంటుంది. వానలు లేకుండా దుప్పటి కప్పి ఏం లాభం?

కానీ ఆలోచించండి. ఇల్లు, చేను బూడిద కింద పోయినవాళ్ళు. ఏడ్చుకుంటూ ఎక్కడికో పోవచ్చు. వాళ్ళు ఆ బూడిదనే పరీక్షగా చూశారు. ఎక్కడ ఎంత మందం ఉంది, ఎక్కడ మొలక లేస్తోంది అని తెలుసుకున్నారు. మా నాన్నకు నల్లరేగడి తెలిసినట్టు వాళ్ళకు ఆ నేల తెలిసింది. దాన్ని నేను విజ్ఞానం అంటాను, ఇంకో మాట లేదు.

ఇంకొకటి చెప్పాలి. ఆ లావా ముద్దల మీద మక్క కంకుల అచ్చులు దొరికాయి. గింజల వరసలు లెక్కపెట్టొచ్చు, అంత స్పష్టంగా ఉన్నాయి. ఆ రాళ్ళు దొరికింది లావా పారిన చోట కాదు, కొన్ని కిలోమీటర్ల అవతల ఒక పాత ఇంటి దగ్గర. అంటే ఎవరో కక్కుతున్న లావా దగ్గరికి కంకులు పట్టుకుని వెళ్ళారు. పడుతున్న వేడి ముద్దల కింద వాటిని పెట్టారు. చల్లారాక అచ్చు పడ్డ రాళ్ళను మోసుకుని ఇంటికి తెచ్చుకున్నారు. అది నైవేద్యం అనుకుంటున్నారు పరిశోధకులు. నాకు వేరే ఆలోచనే రాలేదు. గంగమ్మకు, మైసమ్మకు బోనం ఎత్తే ఊరివాణ్ణి నేను. కోపంగా ఉన్న తల్లి ముందు కొత్త పంట పెట్టి, చల్లగా చూడమ్మా అనడం నాకు ఎవరూ వివరించక్కర్లేదు.

సన్‌సెట్ క్రేటర్ నుంచి వుపాట్కికి కారు దారి ఉంది, అరగంట పైన పడుతుంది. దేవదార్లు అయిపోతాయి, నేల దిగుతుంది, గాలి వేడెక్కుతుంది. ఎదురుగా విశాలంగా ఎడారి, దూరంగా రంగురంగుల మట్టి కొండలు. ఒక మలుపు తిరగ్గానే నల్లటి నేల మధ్యలో ఎర్రగా ఇల్లు.

ఇల్లంటే ఒక్క కుటుంబం ఇల్లు కాదు, వంద గదులు. కొన్ని చోట్ల మూడంతస్తులు. పలకలు పలకలుగా విడే ఎర్ర ఇసుకరాయిని పేర్చి, మధ్యలో మట్టి పెట్టి కట్టారు. సున్నం లేదు, ఇనుము లేదు, బండి లేదు, బరువు మోసే పశువు కూడా లేదు. రాళ్ళన్నీ మనుషుల భుజాల మీద వచ్చినవే. అక్కడున్న పెద్ద పెద్ద బండల్ని పగలగొట్టకుండా వాటినే గోడలో కలుపుకున్నారు. గోల్కొండ కోట గోడ గమనించారా? గుట్ట మీది గుండ్ల మధ్య సందులు పూడ్చుకుంటూ పోయి గోడ చేశారు. ఆ చేతికీ ఈ చేతికీ పరిచయం లేదు, కాని బండను చూసిన చూపు ఒకటే.

మా ఆవిడ నాలా బోర్డులు చదవదు. నేరుగా గదుల్లోకి చూస్తూ, దర్వాజాలు ఏవండీ అని అడిగింది. కింది గదులు కొన్నిటికి నిజంగానే లేవు. పైకప్పులోంచి నిచ్చెన వేసుకుని దిగేవాళ్ళు. తర్వాత పొయ్యి చోటు వెతికింది, పిండి విసిరే రాయి ఎక్కడుంటుంది అంది. అలాంటి రాయి సందర్శకుల గదిలో పెట్టారు. వాలుగా ఉన్న పలక, మధ్యలో అరిగి పల్లం పడింది, పైన చేతిలో పట్టే గుండు. మోకాళ్ళ మీద కూర్చుని, ముందుకీ వెనక్కీ తోస్తూ మక్కలు పిండి చేసేవాళ్ళు. దాన్ని చూడగానే మా ఆవిడ నా వైపు తిరిగి, మన బావి రాయండీ ఇది, అంది.

నాకు నోట మాట రాలేదు. పెళ్ళైన నాటి నుంచి ఆ రాయి మీద బట్టలు ఉతికిన మనిషి ఆమె. ఆ అరుగుదల నీళ్ళ వల్ల అని నేను అనుకున్నాను. అది నీళ్ళ అరుగుదల కాదు. ఎవరో ఒక ఆడమనిషి, ఆమె తర్వాత ఆమె కోడలు, ఆమె తర్వాత ఇంకెవరో, ఏళ్ళ తరబడి దాని మీద జొన్నలో కొర్రలో విసిరారు. ఆ చేతుల అచ్చు మీద మేం కాళ్ళు కడుక్కున్నాం.

మిగతా సంగతులు త్వరగా చెప్తాను. 1930ల్లో తవ్వినప్పుడు వుపాట్కిలో నలభైకి పైగా పంచవన్నెల పెద్ద చిలకల అవశేషాలు దొరికాయి. అవి మెక్సికో దిగువ అడవుల్లో పుట్టే పక్షులు. అంత దూరం, కాలి నడకన, బతికుండగా మోసుకొచ్చారంటే వాటిని ఎంత అపురూపంగా చూసి ఉంటారో. సముద్రపు గవ్వలు, రాగి గజ్జెలు, నూలు బట్టల ముక్కలు కూడా దొరికాయి. అంటే అది ఎడారి మూలన ఒంటరిగా ఉన్న పల్లె కాదు, నాలుగు వైపుల దారులు కలిసే చోటు. ఇంటికి దిగువన కోడిగుడ్డు ఆకారంలో రాతి గోడ కట్టిన ఆటస్థలం ఉంది. అలాంటివి దక్షిణాన, మెక్సికో వైపు ఎక్కువ.

దాని పక్కనే నేలలో ఒక చిన్న చదరపు కంత ఉంది. చేయి పెడితే లోపలి నుంచి చల్లటి గాలి కొడుతుంది. కింద సున్నపురాయి పొరలో ఎంతో దూరం పోయే పగుళ్ళున్నాయి. బయట గాలి ఒత్తిడి తగ్గితే లోపలి గాలి బయటికి తన్నుకొస్తుంది, ఒత్తిడి పెరిగితే లోపలికి లాక్కుంటుంది. ఒక్కోసారి గంటకు 48 కిలోమీటర్ల వేగం. మేం వెళ్ళింది మిట్టమధ్యాహ్నం, బయటికి వదులుతోంది. మా మనవరాలు తన టోపీ దాని మీద పెడితే ఎగిరి పడింది. నేల ఊపిరి పీల్చి వదులుతుంటే, దాని పక్కన ఇల్లు కట్టుకోవాలని వాళ్ళకు ఎందుకు అనిపించిందో నాకు అర్థమైంది.

1250 నాటికి ఆ ఇల్లు ఖాళీ అయింది. ఇక్కడే నేను పేర్ల గురించి మాట్లాడాలి. ఆ మనుషుల్ని పురావస్తు పుస్తకాల్లో సినాగువా అంటారు. అది స్పానిష్ మాట, నీళ్ళు లేని అని అర్థం. స్పెయిన్‌వాళ్ళు ఆ కొండల్లో వాగులు కనబడక పెట్టిన పేరు. దాన్నే కోల్టన్ ఆ జనానికి పెట్టాడు. 200 మిల్లీమీటర్ల వానతో పంట తీసినవాళ్ళకు, నీళ్ళను అంతగా ఎరిగినవాళ్ళకు, నీళ్ళు లేనివాళ్ళు అని పేరు! నాకు బాధ కలిగింది. తర్వాత బోర్డుల్లో, పుస్తకాల్లో ఇంకో మాట, వాళ్ళు మాయమైపోయారు అని. మాయం కాలేదు. అక్కడి నుంచి తూర్పు, ఈశాన్యంగా కారులో సుమారు రెండు గంటల దూరంలో హోపీ అనే ఆదివాసీ జనం ఉన్నారు. ఇవాళ కూడా ఉన్నారు. వాళ్ళ ఓరైబీ ఊరు వుపాట్కి కట్టే నాటికే ఉంది, ఇప్పటికీ అందులో మనుషులు కాపురం ఉంటున్నారు. ఇప్పటికీ కాలవ లేకుండా, బావి లేకుండా, కర్రతో లోతుగా గుంట చేసి, గుంటకు కొన్ని గింజల చొప్పున వేసి మక్కజొన్న పండిస్తారు. వుపాట్కి అన్న మాట కూడా వాళ్ళదే. అక్కడున్నది మా పూర్వీకులు, మా వంశాలు ఒక్కో చోట కొంతకాలం ఉండి, చివరికి ఈ గుట్టల దగ్గరికి చేరాయి, అని వాళ్ళు మొదటి నుంచీ చెప్తూనే ఉన్నారు. విన్నవాళ్ళు లేరు.

హోపీలు ఇలాంటి చోట్లను శిథిలాలు అనరు. మా పాదముద్రలు అంటారు. పగిలిన పెంకు, బండ మీద గీసిన బొమ్మ, కూలిన గోడ, అన్నీ తెలిసి వదిలిపెట్టినవి. ఈ నేల మీద మేం నడిచాం అని చెప్పడానికి. అందుకే పెంకు ఉన్న చోటే ఉండాలి. మనం ఏరి జేబులో వేసుకుంటే ఒక అడుగు చెరిపినట్టు. అక్కడ ఖాళీ గది అంటే వాళ్ళకు ఖాళీ కాదు, పెద్దలు ఉన్నారనే అనుకుంటారు. పక్కన మంచుతో మెరిసే పెద్ద కొండలు, సుమారు 3850 మీటర్ల ఎత్తువి, వాళ్ళ వాన దేవతలు కచినాలు ఉండే చోటు. ఆ ప్రాంతంలోనే ఉండే మరో ఆదివాసీ జనం, నవాహోలకు కూడా అవి పవిత్రమైన కొండలే.

నవాహోల మాట కూడా చెప్పకపోతే తప్పు. 1864లో అమెరికా సైన్యం వాళ్ళను వందల మైళ్ళు నడిపించి బందీలుగా పెట్టింది. 1868లో వదిలాక కొన్ని కుటుంబాలు ఈ వుపాట్కి లోయలోకి వచ్చి గొర్రెలు కాచుకున్నాయి. 1924లో అధ్యక్షుడు కూలిడ్జ్ దీన్ని జాతీయ స్మారకం చేశాడు. ఆ తర్వాత దశాబ్దాల్లో ఆ కుటుంబాల్ని ఒక్కటొక్కటిగా బయటికి పంపారు. 1930ల్లో పార్కు ఉద్యోగులు మాత్రం ఆ పాత ఇంట్లోనే రెండు గదులు బాగు చేసుకుని కాపురం ఉన్నారు. పాత ఇంటిని కాపాడటమంటే దాని చుట్టూ బతుకుతున్న మనిషిని తీసేయడం అనుకుంటే అది కాపాడటం అవుతుందా? మన దగ్గర కూడా అడవి పేరుతో, ప్రాజెక్టు పేరుతో ఇది చూస్తూనే ఉన్నాం. నేను ఆ గోడల్ని ఎంత ప్రేమగా చూశానో, ఈ సంగతి చదివి అంత కుంగిపోయాను.

మన నారాయణపేట జిల్లా ముడుమాలలో కృష్ణ ఒడ్డున పూర్వకాలం మనుషులు పాతిన నిలువురాళ్ళు ఉన్నాయి. 2025లో వాటిని యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు. వెళ్ళి చూడండి. అక్కడి రైతులతో కూడా మాట్లాడండి, ఎందుకంటే ఇంతకాలం ఆ రాళ్ళు మిగిలింది వాళ్ళు వాటి చుట్టూ దున్నుకున్నారు కాబట్టి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో కూడా నిలువురాయి ఉంది. బస్సులో వెళ్ళి చూసి రావచ్చు, వీసా అక్కర్లేదు.

(సభలోంచి ఒక విద్యార్థిని: సార్, మీ బావి దగ్గరి రాయి ఇప్పుడెక్కడుంది?)

అడిగావమ్మా, మంచిది. అమెరికా నుంచి రాగానే ఊరెళ్ళాను. ఆ రాయిని మళ్ళీ పాటి మీదికి చేర్చుదామనుకున్నాను. పాటి లేదు. కొంత మన్ను చేలకు పోయింది, మిగిలిన చోట ప్లాట్లు వేసి హద్దురాళ్ళు పాతారు. ఒక మూల మోకాలెత్తు దిబ్బ మాత్రం ఉంది, అందులో పెంకులు కనిపిస్తున్నాయి. అక్కడ పెడితే నెల తిరక్కుండా ఏ పునాదిలోనో కలిసిపోతుంది. చివరికి మా ఊరి బడి వరండాలో పెట్టాం, నలుగురు మోశారు. హెడ్‌మాస్టర్ గారు పక్కన బోర్డు పెడదాం, ఏ కాలం నాటిదని రాయమంటారు అన్నారు. తెలిసినంతే రాద్దామన్నాను. ‘పిండి విసిరిన రాయి. మన ఊరి పాటిలో దొరికింది. కాలు పెట్టవద్దు.’ అంతే రాశాం.

మొన్న వెళ్తే నాలుగో తరగతి పిల్ల ఒకతి దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చేతిలో కంకరరాయి పట్టుకుని ముందుకీ వెనక్కీ తోస్తోంది. ఎవరూ నేర్పలేదట. కూర్చుంటే చేతులు అలాగే పోతున్నాయి సార్, అంది.